అద్దం లేని ఫ్రెంచి కారులో ఏటూరునాగారం

ముందుగా పోయినవి. చక్రం మూత ఒకటి. టిఫిను డబ్బా మూత ఒకటి. నల్ల కళ్లద్దాలు ఒక జత. రాజేశం ఎడమ కాలి చెప్పు. నా టోపీ. కొత్తవాడలో నేసిన జంపఖానా ఒకటి. ఇది పోయిందనాలో ఇచ్చామనాలో ఇప్పటికీ తేలలేదు. చివరిది, ఇరవై రెండేళ్లుగా నలుగురిలో తలెత్తుకుని చెప్పుకుంటూ వచ్చిన నా మైలేజీ లెక్క. మొత్తం ఏడు. రెండు రోజుల ప్రయాణానికి ఇది చాలా ఎక్కువని మా ఆవిడ పద్మ అంటుంది. నేను అలా అనుకోను. ఎందుకో తెలియాలంటే దారి వెంట రావాలి.

హనుమకొండ

నాది ఫ్రెంచి కారు. కంపెనీ పేరు రాయను. ముప్పై ఏళ్ల కిందట బొంబాయి దగ్గర కొద్దికాలం తయారు చేశారు. జనం కొనలేదు. తాళం వేసుకుని వెళ్లిపోయారు. వెళ్లిపోయినవాళ్లను ఇప్పుడు పేరు పెట్టి పిలవడం ఎందుకు?

నేను వరంగల్ మార్కెట్లో కమీషన్ దుకాణాలకు లెక్కలు రాస్తాను. నా చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాతి లెక్కలన్నీ నా అంతట నేను నేర్చుకున్నవి. కారును కూడా అలాగే నేర్చుకున్నాను. దాని పెట్రోలు ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. దాని అవసరం నాకు లేదు. లీటరుకు పదమూడున్నర కిలోమీటర్లు. ఎన్ని లీటర్లు పోయించానో, మీటరు ఎంత తిరిగిందో తెలిస్తే చాలు, ట్యాంకులో ఎంత మిగిలిందో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ని.

జనవరిలో ఒక కోతి, దానికి ఎవరి మీద కోపం వచ్చిందో, మా మేడ మీది తులసి పక్కన ఉన్న పూలకుండీని కిందికి తోసింది. అది సరిగ్గా కారు ముందద్దం నడుమ పడింది. కారు రిజిస్ట్రేషన్ గడువు మార్చి నెలాఖరుకు తీరుతుంది. అద్దం లేకుండా ఫిట్‌నెస్ ఇవ్వరు. వరంగల్, హైదరాబాద్, విజయవాడ, ఎక్కడ అడిగినా ఆ అద్దం పేరు వినగానే నవ్వారు. ఇంజనుకైతే లేతు మిషను మీద ఏదో ఒకటి చేయించవచ్చు. వంపు తిరిగిన అద్దాన్ని ఏ లేతూ చేయదు.

"అద్దం దొర్కితే మీ కారు. దొర్కకపోతే తుక్కోని కారు," అంది పద్మ. "అందరి లెక్క ఒక తెల్లకారు కొనుక్కుందాం. దీని మీద ఇగ ముచ్చట లేదు."

మాకు ఫోనులో ఒక గ్రూపు ఉంది. పేరు "ఎవ్వరూ కొనని కార్లు". ఖమ్మంలో జర్మనీ కారున్న ఒక పళ్ల డాక్టరు, కరీంనగర్‌లో చెకోస్లోవేకియా కాలపు బండిని ఇంకా నడిపే ఒక లెక్చరరు, ఇలా పందొమ్మిది మందిమి. మాలో ఒక కట్టుబాటు ఉంది. సామాను అమ్మకూడదు. ధర కట్టడం మొదలుపెడితే ఎవరమూ బతకం. ఎవరి దగ్గరైనా ఒక సామాను తీసుకుంటే, ఇచ్చినవాళ్లు ఏది కోరితే అది చేయాలి. మిత్రుడు రాజేశం తన ఇటలీ కారు పెట్రోలు పంపును గుంటూరాయనకు ఇచ్చి, "కృష్ణ బ్రిడ్జి మీద ఆపి నా పేరు మీద మూడుసార్లు హారన్ కొట్టు, ఫోన్‌ల ఇంట," అన్నాడు. గుంటూరాయన కొట్టాడు. మూడోసారి హారను ఆగక పావుగంట మోగిందట. అది వేరే కథ.

ఆ గ్రూపులో ఒకరోజు ఒక ఫొటో వచ్చింది. ఏటూరునాగారంలో రిటైరైన ఒక నర్సమ్మ ఇంటి రేకుల షెడ్డు. అందులో నా కారు లాంటి కారే. డ్యాష్‌బోర్డు మీద గుడ్లు పొదుగుతూ ఒక కోడి. అందరూ కోడిని చూసి నవ్వారు. నేను కోడి ముందున్న అద్దాన్ని చూశాను. ఒక్క గీత లేదు.

ఆత్మకూరు దాటాక

రాజేశానికి వరంగల్ కొత్తవాడలో జంపఖానాల దుకాణం. మగ్గం దగ్గర పుట్టి పెరిగినవాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. అతని ఇటలీ కారు ఇప్పుడు సామాన్లుగా మా అందరి కార్లలో తిరుగుతోంది. నా కారులోనూ ఒకటుంది. పోయిన నెల మీటరు ఆగిపోతే, దాన్ని తిప్పే చిన్న ప్లాస్టిక్ పళ్ల చక్రం అతనే తెచ్చి బిగించాడు. చక్కగా కూర్చుంది. మీటరు తిరిగింది. ఇద్దరం సంతోషించాం. ఈ చక్రాన్ని పాఠకులు గుర్తు పెట్టుకోవాలి.

"అన్నా, అద్దం లేని కారుల ఎందుకే? బస్సుల పోయి అద్దం పట్టుకొద్దాం," అన్నాడు రాజేశం.

"బస్సులో అద్దాన్ని ఎవడి ఒళ్లో పెడతావ్? అద్దానికి భద్రమైన జాగ దాని ఫ్రేమే. అక్కడే బిగించుకుని వద్దాం."

"ఆమె ఇయ్యకపోతే?"

నేను పెట్రోలు లెక్క వేయడం మొదలుపెట్టాను.

అద్దం తీసేసిన కారులో ప్రయాణం ఎలా ఉంటుందో చేసినవాళ్లకే తెలుస్తుంది. నలభై దాటితే గాలి నోట్లో మాటను వెనక్కి నెట్టేస్తుంది. ఇద్దరం నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాం, ముక్కుకు రుమాళ్లు కట్టుకున్నాం. ఆత్మకూరు దాటాక రాజేశం టిఫిను డబ్బా తెరిచాడు. మూత అలా లేచి, వెనక సీటు మీదుగా, కిటికీలోంచి, పత్తి చేలోకి వెళ్లిపోయింది. దాని వెంట రెండు ఇడ్లీలు కూడా.

"చట్నీ ఉన్నదే," అన్నాడు రాజేశం. చట్నీ అతని చొక్కా మీద ఉంది.

ఒక బస్సు మమ్మల్ని దాటుతూ నెమ్మదించింది. కిటికీలోంచి ఒక పెద్దమనిషి అరిచాడు: "ఓ సార్లూ! అద్దం మర్శిపోయిండ్రు!"

ములుగు

ములుగు ముందు ఒక వేగనిరోధకం మీద చక్రం మూత ఊడి, దొర్లుకుంటూ కాలువలో పడింది. ఇద్దరం దిగి చూశాం. నీళ్లు పచ్చగా ఉన్నాయి. వదిలేశాం.

బస్టాండు దగ్గర ఒక హోటలు ముందు ఆపాం. చాయ్ పది రూపాయలు; హనుమకొండలో పదిహేను, అదీ ఇంతకంటే చిన్న గ్లాసులో. బియ్యప్పిండితో చేసే సర్వపిండిని వేడిగా గంజు గిన్నెలోంచే తీసి ఇస్తున్నారు. మా ఇంట్లో నువ్వులు ఎక్కువ వేస్తాం, వీళ్లు పల్లీలు ఎక్కువ వేస్తారు. మందం కూడా ఎక్కువే. ఒకటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి ఊసు ఉండదు.

అద్దం లేని కారు జనాన్ని పోగు చేస్తుంది. తెల్లమీసాల ముసలాయన ఒకరు కారు చుట్టూ తిరిగి, బానెట్ మీద చెయ్యి పెట్టి, "ఫారిన్‌దా?" అన్నాడు.

"ఫ్రెంచిది, తాతా."

"మా సేటుకు జర్మనీది ఉండె. నేనే డ్రైవర్‌ని. వరంగల్ల పత్తి మిల్లు సేటు. దాని ముచ్చట జెప్తే నవ్వుతరు."

"చెప్పు తాతా, నవ్వడానికే వచ్చినం," అన్నాడు రాజేశం.

"ఏసీ ఏస్తే బండి గుట్ట ఎక్కకపోయేది. గుట్ట ఎక్కితే ఏసీ రాకపోయేది. సేటుకేమో రెండూ కావాలె. ఆఖరుకు ఏంజేశినం? గుట్ట వస్తే ఏసీ బంద్ జేసుడు, సేటు దిగి నడుసుడు. మీద నేను బండి ఆపి, ఏసీ ఏసి, సల్లగ చేసి పెడితే, సేటు వచ్చి కూసునేటోడు. గట్ల నడిచి నడిచి సేటుకు షుగర్ తగ్గింది. డాక్టర్ అడిగిండట, ఏం మందు వాడినవని. కారు పేరు చెప్పిండట!"

చుట్టూ ఉన్నవాళ్లందరూ నవ్వారు. ముసలాయన నవ్వలేదు. బానెట్ మీద నుంచి చెయ్యి తీయకుండా, "అమ్మినంక నెలరోజులు నాకు తిండి సైసలే బిడ్డా," అన్నాడు. చాయ్ డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు.

మిరప ట్రాక్టరు వెనక

ఫిబ్రవరి నెలాఖరు. మోదుగులు పూసి ఉన్నాయి. గోవిందరావుపేట దగ్గర గాలికి రాలిన పూలు నేరుగా మా ఒళ్లోకి వచ్చి పడ్డాయి. అద్దం ఉంటే ఈ భాగ్యం ఉండేది కాదని రాజేశం అన్నాడు. అలా అన్న అయిదు నిమిషాలకు మా ముందుకు ఒక ట్రాక్టరు వచ్చింది.

చేలోంచి కల్లానికి పోతున్న మిరపకాయల ట్రాక్టరు. ఎండిన కాయలు, పైన కప్పు లేదు. దారి సన్నం, ఎదురుగా బస్సులు, దాటే వీలు లేదు. మా ఊరి మార్కెట్లో మిరప రాశుల మధ్యే పాతికేళ్లుగా తిరుగుతున్నవాణ్ని, నాకేం కాదనుకున్నాను. రాశి పక్కన నిలబడడం వేరు, రాశి నలభై కిలోమీటర్ల వేగంతో ముఖం మీదికి రావడం వేరు. ఇద్దరం ఒకేసారి తుమ్మడం మొదలుపెట్టాం. కళ్లద్దాల చుట్టూ కన్నీళ్లు. కారు దానంతట అదే రోడ్డు పక్కకు వెళ్లి ఆగింది.

ఒక బోరింగు దగ్గర ముఖాలు కడుక్కున్నాం. బోరింగు కొడుతున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి, "ఎవరన్న సచ్చిపోయిన్రా అన్నా?" అని జాలిగా అడిగారు. రాజేశం తుమ్ముల మధ్య లేదు లేదని చేతులు ఊపాడు. అతని కళ్లద్దాలు ఆ బోరింగు గట్టు మీదే ఉండిపోయాయి.

అడవిలో

పస్రా దాటాక అడవి. పస్రాలో బంకు కనిపించింది. "పోయిద్దామా?" అన్నాడు రాజేశం. అక్కరలేదన్నాను. నా ట్యాంకు సగానికి పైన నింపితే మూత దగ్గర కారుతుంది, అందుకని ఎప్పుడూ కొలిచి పోయిస్తాను. బయలుదేరేటప్పుడు ఆరు లీటర్లు, మీటరు ట్రిప్పు లెక్క సున్నా. పదమూడున్నర చొప్పున ఎనభై ఒక్క కిలోమీటర్లు. మీటరు డెబ్బై అయిదు చూపినప్పుడు పోయించుకుంటే సరి. అప్పటికి మీటరులో యాభై అయిదు.

మీటరు అరవై చూపినప్పుడు కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

అన్నీ చూశాం. ప్లగ్గులు బాగున్నాయి. పంపు బాగుంది. రాజేశం ట్యాంకు మూత తీసి లోపలికి ఒక పుల్ల దించి తీశాడు. పుల్ల పొడిగా ఉంది.

"అన్నా, పెట్రోల్ లేదే."

"ఉంటుంది. ఇంకా ఇరవై ఒక్క కిలోమీటర్లకు సరిపడా ఉండాలి."

"ఉండాలె. కని లేదు."

రోడ్డు పక్క కిలోమీటరు రాయి ఉంది. ఏటూరునాగారం 30. మా ఇంటి నుంచి ఏటూరునాగారానికి నూట అయిదు. అంటే మేం వచ్చింది డెబ్బై అయిదు. మీటరు అరవై అంటోంది. రాయి దగ్గర అలాగే నిలబడిపోయాను. పదిహేను కిలోమీటర్లు ఎటు పోయాయి?

అప్పుడు గుర్తొచ్చింది, పళ్ల చక్రం. ఇటలీ చక్రం చక్కగా కూర్చుంది కానీ, దాని పళ్లు వేరు. రోడ్డు అయిదు కిలోమీటర్లు పోతే అది నాలుగే లెక్కపెడుతోంది. బిగించిన రోజున ముల్లు కదిలిందని మురిసిపోయాం తప్ప, ఎంత కదిలిందో చూడలేదు. లెక్కలు రాసి బతికేవాణ్ని, ఆ ఒక్కటీ చూడలేదు. దానికి తోడు అద్దం లేని కారు గాలిని మింగి పెట్రోలు ఎక్కువ తాగింది.

రాజేశం ఒక్క క్షణం నా ముఖం చూసి, ఆపుకోలేక నవ్వాడు. "లెక్కలన్నకు లెక్క తప్పింది! కొత్తవాడ మొత్తం చెప్త!" కారును నీడలోకి నెడుతుంటే అతని ఎడమ చెప్పు తెగి, రోడ్డు పక్క వాగులోకి జారింది. అప్పుడు నేను నవ్వాను.

కాసేపటికి బైకు మీద చేపల బుట్టతో ఒక మనిషి వచ్చాడు. పాతికేళ్లు దాటి ఉంటాయి. బైకు దిగి కారును చూస్తూ నిలబడ్డాడు. పెట్రోలు సంగతి చెప్పాం. బైకు ట్యాంకు పైపు తీసి సీసాలోకి పడుతూ అన్నాడు: "నేను గిసోంటి కారులనే పుట్టిన."

"ఏంది?"

"మా అమ్మను దవాఖానకు తీస్కపోతుంటే, గీ అడవిలనే. సిస్టరమ్మ కారుల. నా పేరు సారయ్య. అందరు కార్ సారయ్య అంటరు." నవ్వాడు. "మీరు ఆమె ఇంటికేనా? దేనికి?"

చెప్పాను. సారయ్య సీసా మూత బిగించి ఇచ్చాడు. "పెట్రోల్ తీస్కోండ్రి, తాడ్వాయి బంకు దాక వస్తది, పైసలొద్దు. కని సిస్టరమ్మ అద్దం ఇయ్యది. ఎంతమంది అడిగిన్రో! నట్టు గూడ ఇయ్యలే."

ఏటూరునాగారం

సరోజన సిస్టరు ఇల్లు ఊరి చివర. ప్రభుత్వ నర్సుగా చేసి రిటైరయింది. అరవై ఏడేళ్లు. సన్నగా, నిటారుగా ఉంటుంది. మేం వాకిట్లో ఆపేసరికి, చీపురు చేత్తో పట్టుకుని కారు ముందుకు వచ్చి నిలబడింది. మమ్మల్ని కాదు, కారును చూస్తోంది.

"ఇంజన్ బంద్ చేయకురి," అంది.

కళ్లు మూసుకుని వింది. కోళ్లు అరుస్తున్నాయి, కుక్క అరుస్తోంది. అయినా వింది.

"నాలుగో ప్లగ్గు సరిగ కొడ్తలేదు," అంది కళ్లు తెరిచి. "రాండ్రి. ముఖాలేంది గట్ల ఎర్రగైనయ్?"

మిరప సంగతి రాజేశం చెప్పాడు. ఆమె నవ్వుతూ మజ్జిగ ఇచ్చింది. తర్వాత అన్నం, మామిడికాయ వేసి వండిన గోదారి చేప, చివర ఇప్పపూల లడ్డు. మా దగ్గర చేపకు చింతపులుసే. ఈ పులుపు వేరు, నాలుక చివర ఆగి మళ్లీ ఒక ముద్ద అడిగిస్తుంది. తిన్నాక లేవబోతే, "పళ్లెం?" అంది. ఆమె ఇంట్లో ఎవరి పళ్లెం వాళ్లే కడగాలి, అల్లుడైనా సరే, సర్పంచైనా సరే. పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో నేను పళ్లెం కడగడం అదే మొదలు. పద్మకు ఫోను చేసి చెప్పాను. వీడియో పంపమంది.

అప్పుడు షెడ్డులోకి తీసుకెళ్లింది. కారు తెల్లది. ఒకసారి గోదారి పొంగి ఊళ్లోకి వచ్చినప్పుడు బానెట్ దాకా మునిగిందట. బురద గీత ఇప్పటికీ ఉంది, అద్దానికి రెండు వేళ్ల కింద. అద్దం వెనక డ్యాష్‌బోర్డు మీద గంపంత కోడి. మమ్మల్ని చూసి మెడ సాచింది.

"ఈడ ఊరి పక్కన ఒక ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు సాబ్‌లు సామాను అమ్ముకుని పోయిన్రు. మేనేజర్ దీన్ని ఎవ్వరు కొంటలేరని నాకిచ్చిండు. ఆడది కారు నడుపుడేందని నవ్విన్రు. ఫ్రెంచి కారు నడుపుడేందని ఇంకింత నవ్విన్రు. నెలదప్పంగనే ఊళ్లళ్ల వాళ్లు, 'సిస్టరమ్మ, నీ కారు మంచిగున్నదా' అని అడిగేటోళ్లు. నా ఆరోగ్యం గాదు, కారు ఆరోగ్యం! ముగ్గురు పిల్లలు ఎనుక సీట్లనే పుట్టిన్రు."

మీటరు చూపించింది. 61,788.

"లక్ష తిప్పుదామనుకున్న. లక్ష గాంగనే ఊరందరికి లడ్డూలు పంచాలె అనుకున్న. నీళ్లొచ్చి ఆపినయ్." అద్దం మీద అరచెయ్యి ఆనించింది. "చూడు తమ్మీ. అద్దం ఉన్నంతసేపు ఇది ఆగిపోయిన కారు. అద్దం తీస్తే కోళ్ల గూడు. నేనెట్ల ఇయ్యాలె?"

నాకు తుక్కోని కారు, తెల్లకారు, మార్చి నెలాఖరు, అన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. రాజేశం మాత్రం మా గ్రూపు కట్టుబాటు చెప్పాడు. అమ్మడం లేదు, కోరింది చేయడమే. గుంటూరాయన హారను సంగతి కూడా చెప్పాడు. ఆమె బాగా నవ్వింది. కానీ సరే అనలేదు.

"రేపు పొద్దుగాల నీ బండి ఒక్కసారి నాకియ్యి. గోదారి దాక," అంది.

గోదారి వంతెన

పొద్దున్నే ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపి, తలకు తువ్వాలు చుట్టుకుని, నా సీట్లో కూర్చుంది. నేను పక్కన. రాజేశం వెనక, ఒక కాలికి చెప్పుతో.

"అక్కా, మూడో గేరు జర గట్టిగ పడతది, మెల్లగ..." అనబోయాను.

మూడో గేరు వెన్నలో వేలు దిగినట్టు పడింది. ఇరవై రెండేళ్లలో అది నాకు అలా ఒక్కసారీ పడలేదు.

"దానికి చెప్పొద్దు తమ్మీ. అడగాలె," అంది.

ఊరు దాటింది. అద్దం లేని కారులోకి చల్లటి గాలి, ఇప్పపూల వాసన కలిసి వస్తున్నాయి. పూలు ఏరుతున్న ఆడవాళ్లు గంపలు దించి, "సిస్టరమ్మ కారు నడుపుతాంది!" అని ఒకరికొకరు అరుచుకున్నారు. ఒకామె రోడ్డు మీదికి పరుగెత్తి వచ్చి, "మల్ల మొదలువెట్టినవా అక్కా?" అంది. సిస్టరు హారను కొట్టింది. ఆగలేదు.

వంతెన ఎక్కగానే గాలి నా టోపీని ఎత్తుకుపోయింది. అది గోదారిలో ఇసుక మేట దాకా ఎగురుతూ వెళ్లడం ముగ్గురం చూశాం. వంతెన నడుమ ఆపి, ఆమె స్టీరింగు మీద రెండు చేతులూ ఉంచి, ముందుకు చూస్తూ కూర్చుంది. ముఖమంతా దుమ్ము. కళ్లలో నీళ్లు గాలికో దేనికో నేను అడగలేదు.

"నా కారు తిరగది. అది నాకు ఎన్నడో దెల్సు," అంది. "అద్దమన్న తిరగాలె. ఇస్త. కని నా లెక్క నాకు చెల్లియ్యాలె."

"చెప్పక్కా."

"నా కారు లక్షకు ఎంత తక్కువున్నది?"

"ముప్పై ఎనిమిదివేల రెండువందల పన్నెండు."

"గన్ని నా అద్దం తిరగాలె. వారం వారం ఫోన్ చేసి చెప్పాలె. ఆఖరు కిలోమీటరు ఇక్కడ, గీ బ్రిడ్జి మీద, నేనే నడపాలె. లడ్డూలు నువ్వు పంచాలె."

నేను చెయ్యి చాపాను. ఆమె చెయ్యి కలపబోయి ఆగింది. "ఏ మీటరు మీద లెక్క?"

నా పాపం చెప్పక తప్పలేదు. ఈ మీటరు తక్కువ చూపిస్తుందనీ, ఇంటికి వెళ్లగానే సరైన చక్రం వెతికి మార్పిస్తాననీ, అప్పుడు లెక్క ధర్మంగా ఉంటుందనీ చెప్పాను.

ఆమె మీటరు వైపు వంగి చూసింది. "చక్రం మార్చుడు లేదు. గిదే మీటరు."

"అక్కా, అట్లయితే రోడ్డు మీద నలభై ఏడువేల ఏడువందల అరవై అయిదు తిరగాలి. తొమ్మిదివేల అయిదువందల యాభై మూడు ఎక్కువ పడుతుంది."

"పడనియ్యి. నాకేం తొందర?"

వెనక సీట్లో రాజేశం కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

నూలు తాడు

అద్దం తీయడం, బిగించడం నాకు తెలియదు. రాజేశానికీ తెలియదు. కానీ అద్దం చుట్టూ రబ్బరు బీడింగును, దాని పెదవిని చూసి అతను జేబులోంచి నూలు తాడు తీశాడు, జంపఖానా పడుగుకు వాడే పేనిన తాడు. బీడింగు గాడిలో తాడు కూర్చోబెట్టి, సబ్బునీళ్లు రాసి, బయటి నుంచి ఇద్దరు అరచేతులతో నొక్కుతుంటే, లోపలి నుంచి తాడును కొద్దికొద్దిగా లాగాలి. తాడు వచ్చినంత మేర రబ్బరు పెదవి లోపలికి మడుచుకుని అద్దాన్ని పట్టుకుంటుంది. "పడుగు బిగించుడే గిది," అన్నాడు రాజేశం. "ఒక్కకాడ బలంగ లాగితే మొత్తం పోతది."

అసలు కష్టం కోడి. అది లేవదు. పొదగడం ఇంకా తొమ్మిది రోజులు ఉందని సిస్టరు చెప్పింది. కోడి తల మీదుగానే అద్దం తీశాం. అది మా చేతుల్ని లెక్కగా పొడిచింది; నాకు ఆరు, రాజేశానికి నాలుగు. అద్దం పోయిన చోట గాలి, దుమ్ము కొడతాయని రాజేశం తాను తెచ్చిన ఎర్ర చారల జంపఖానాను కారు పైన పందిరిలా కట్టాడు. అదే పోయిందో ఇచ్చామో తేలని జంపఖానా. సిస్టరు దాన్ని చేత్తో తడిమి, "కోళ్ల గూడు గాదు, కోళ్ల బంగ్లా," అంది.

తర్వాత నా కారుకు అద్దం కూర్చోబెట్టసాగాం. కింది మూల దగ్గర టిక్కుమని చప్పుడైంది. ముగ్గురం ఆగిపోయాం. రాజేశం తాడు వదలకుండా, కళ్లు మూసుకుని, "చూడన్నా, చూసి చెప్పు," అన్నాడు. వంగి చూశాను. పగులు కాదు. రబ్బరు తన గాడిలో పడింది.

సిస్టరు పైటకొంగుతో అద్దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు తుడిచింది. లోపల మూలన ఒక చిన్న దేవుడి బొమ్మ స్టిక్కరు, సగం చిరిగింది. దాన్ని తీయబోతే వద్దంది. "అది కూడ తిరగాలె."

తిరుగు దారి

సారయ్య మాకోసం తాడ్వాయి దగ్గర ఆగి ఉన్నాడు. కారును దూరం నుంచే చూసి, బైకు మీదే లేచి నిలబడి, "ఇచ్చిందా!" అని కేక పెట్టాడు. దగ్గరికి వచ్చి అద్దాన్ని వేళ్లతో రెండుసార్లు మెల్లగా తట్టాడు, చుట్టాన్ని పలకరించినట్టు. తర్వాత మా వెనక సీటు చూసి, "గక్కడ్నే," అన్నాడు సిగ్గుగా.

గోవిందరావుపేట దాటాక మా ముందు వరంగల్ మార్కెట్‌కు పోతున్న మిరప లారీ. రాజేశం కిటికీలు ఎత్తేశాడు. కాయల పొట్టు అద్దానికి టపటపా తగులుతోంది. మేం లోపల వెచ్చగా కూర్చుని, దాటే వీలున్నా దాటకుండా, చాలాదూరం దాని వెనకే వెళ్లాం. ములుగులో తెల్లమీసాల తాత లేడు. ఆయన పేరు మీద హారను కొట్టాం. ఒక్కసారే, ఎక్కువ కొడితే ఆగదేమోనని భయం.

హనుమకొండలో పద్మ గేటు దగ్గరే ఉంది. అద్దం చూసింది, చుట్టూ తిరిగింది, లోపలికి వంగింది. "కోడి వాసనొస్తాంది," అంది. ఆ రాత్రి అన్నం తిని నేను లేచి వెళ్లబోతుంటే, "పళ్లెం?" అంది. వీడియో పంపకుండా ఉండాల్సింది.

మార్చి మూడో వారంలో ఫిట్‌నెస్ పరీక్ష. ఇన్‌స్పెక్టరు లైట్లు, బ్రేకులు, హారను చూశాడు. అద్దం ముందు కాస్త ఎక్కువసేపే ఆగాడు. "ఇది కంపెనీ అద్దమే. ఎక్కడ దొరికిందండీ?"

"అప్పుకు తెచ్చాను," అన్నాను.

అయిదేళ్లు ఇచ్చారు. నేను నడిపే తీరులో ఈ మీటరు ఏడాదికి మూడువేలు తిరుగుతుంది. అంటే దాదాపు పదమూడేళ్లు. అంటే ఇలాంటి ఫిట్‌నెస్‌లు ఇంకా రెండు కావాలి. ఆ సంగతి చెబితే సిస్టరు, "అప్పటికి నాకు ఎనభై. లైసెన్సు రెన్యువల్ చేయించుకుంట, నువ్వు బ్రేకులు మంచిగ పెట్టుకో," అంది. ఇప్పుడు ఆదివారాలు పద్మే అడుగుతోంది, ఎటన్నా పోదామా, కొన్ని కిలోమీటర్లు తెగుతాయి కదా అని. అంతకుముందు ఆదివారం లక్నవరం వెళ్లాం, నిన్న పాకాల.

నిన్న సాయంత్రం ఫోను చేసి లెక్క అప్పజెప్పాను. వెనక నుంచి కోడిపిల్లల అరుపులు వినిపించాయి. ఆమె కాగితం లేకుండానే తీసివేత చేసి నాకంటే ముందు చెప్పింది. నేను మళ్లీ చేసి చూశాను. సరిగ్గానే ఉంది.

తిరిగింది 1,306. ఈ రోజుకు బాకీ, 36,906 కిలోమీటర్లు.